ఓడలో టమాటా మొక్కలు

ఆదివారం పొద్దున కాఫీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, తమ్ముడికి ఫోను చేసి ఉన్నమాట చెప్పేయాలని దిద్దుబాటత్త నిశ్చయించుకుంది. మేనకోడలు చిన్నతనంలో పెట్టిన పేరది. అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దే ఉద్యోగం నుంచి ఆమె విరమించుకుంది గాని, దిద్దడం నుంచి విరమించుకోలేదు. దగ్గుమందు సీసా మీద అక్షరం తప్పుంటే పనిగట్టుకుని దుకాణానికి వెళ్ళి చెప్పి వచ్చేది. అటువంటి మనిషి కొన్నాళ్ళుగా సొంత తమ్ముడి దగ్గర ఒక సంగతి దాస్తోంది. తాను 'ఓడ' చూడటం మానేసింది.

శనివారం సాయంత్రాలు టీవీలో వచ్చే ఆ ధారావాహికకు అసలు పేరు పొడుగాటిది. ఇంట్లో మాత్రం అది ఓడే. నక్షత్రాల మధ్య దారి తప్పిన ఒక అంతరిక్ష నౌక, అందులో ఇల్లు చేరాలని తపించే కొందరు మనుషులు, వాళ్ళలో ఒక ఇంజనీరు, అందరినీ నడిపించే నడివయసు కెప్టెన్. దిద్దుబాటత్త, తమ్ముడు, మరదలు ఒకే సోఫాలో కూర్చుని ఏళ్ళ తరబడి దాన్ని చూశారు. మరదలు కెప్టెన్‌ను "మా కెప్టెనమ్మ" అనేది. "ఆ తలుపు తియ్యకు తల్లీ, అవతల వాడున్నాడు" అని తెరతో మాట్లాడేది. గడియారాలు బాగుచేసే తమ్ముడు ఒట్టి మితభాషి. ఆ ఇంటికి కావలసిన మాటలన్నీ మరదలే మాట్లాడేది.

మరదలు ఆసుపత్రి మంచం మీద ఉన్న రోజుల్లోనే కెప్టెన్ కూడా పోయింది. ఓడను కాపాడటానికి తానొక్కతే వెనక ఉండిపోయి, ఒక్క మాటా ఎక్కువ మాట్లాడకుండా పోయింది. మరదలు కళ్ళు తుడుచుకుని, "బాగా వెళ్ళిపోయింది వదినా. ఇక దీన్ని పాడు చెయ్యకుండా ఉంటే చాలు" అంది. ఆ తరువాత కొద్దికాలానికే ఆమె కూడా వెళ్ళిపోయింది.

ఆ సోఫాలో ఇద్దరే కూర్చోవడం అక్కాతమ్ముళ్ళిద్దరికీ చేతకాలేదు. ఎవరింట్లో వాళ్ళు చూడటం, ఆదివారం పొద్దున ఫోనులో దాని గురించి మాట్లాడుకోవడం అలవాటైంది. మాట్లాడేది ఓడ గురించే. అయినా తమ్ముడు సరిగా తిన్నాడా, నిద్రపోయాడా అన్నది గొంతును బట్టి ఆమెకు తెలిసిపోయేది.

ఓడను తీసేవాళ్ళు మరదలి కోరిక మన్నించలేదు. కొత్త భాగాల్లో కెప్టెన్‌ను తిరిగి తెచ్చారు. ఏదో యంత్రంలో తయారైన నకలట. అదే ముఖం, అదే గొంతు. పాతవాళ్ళెవరూ గుర్తులేరు, అయినదానికీ కానిదానికీ నవ్వుతుంది. దిద్దుబాటత్త అంతకుముందు ఎన్నో తప్పులు క్షమించింది. ఎడమవైపు తెరుచుకునే తలుపు మరుసటి వారానికి కుడివైపు తెరుచుకున్నా, రెండు చందమామలున్న గ్రహానికి ఒకటే మిగిలినా సరిపెట్టుకుంది. అవి అచ్చుతప్పులు. ఇది అచ్చుతప్పు కాదు. సగంలో టీవీ కట్టేసింది, ఓడ కోసం మళ్ళీ పెట్టలేదు.

ఫోను ఎత్తగానే తమ్ముడే మొదలుపెట్టాడు. "అక్కా, నిన్నటిది చూశావా?"

ఉన్నమాట నాలుక చివరి దాకా వచ్చింది. అతని గొంతు వెనక గోడ గడియారాలు టిక్కుటిక్కుమంటున్నాయి. అవి తప్ప ఆ ఇంట్లో మరో చప్పుడు లేదు.

"చూశాన్రా. ఏం బాగాలేదు."

"అవును, బాగాలేదు. ఏది మరీ బాగాలేదంటావు?"

తప్పు ఉందంటే ఏ పుటలో, ఏ పంక్తిలో అని చూపించాలన్నది ఆమె జీవితకాలపు నియమం. ఆ నియమమే ఆమె కొంప ముంచింది. "ఆ ఇంజనీరు ఏడుపు. అంత పెద్దమనిషి ఇంజను గదిలో తలుపేసుకుని ఏడవడమేమిటి? ముందూ లేదు, వెనకా లేదు" అంది. ఆ ఇంజనీరు ఏడ్చాడో లేదో ఆమెకు తెలియదు.

అవతల కాసేపు గడియారాలే వినిపించాయి. దొరికిపోయాననుకుంది.

"అవునక్కా," అన్నాడు తమ్ముడు నెమ్మదిగా. "పాపం, ఏడవనీ. కాని అంతసేపు చూపించక్కర్లేదు."

దిద్దుబాటత్త ఫోను పెట్టేసి అలాగే కూర్చుండిపోయింది. తమ్ముడు అబద్ధమాడే మనిషి కాడు. మురిసిపోతూ కొత్త గడియారం తెచ్చిన పెళ్ళికొడుకుతోనే "ఇది నకిలీ బాబూ" అన్నవాడు. కనుక ఇంజనీరు నిజంగానే ఏడ్చి ఉండాలి. అంటే, ఓడ రాసేవాళ్ళు ఎంతకు దిగజారారంటే, తాను నోటికొచ్చిన అర్థంలేని మాట అన్నా, వాళ్ళు అప్పటికే దాన్ని తీసి చూపిస్తున్నారు. చూడని ధారావాహిక మీద ఆమె నిరాశ రెట్టింపైంది.

తరువాతి ఆదివారం తమ్ముడు మరింత ఉత్సాహంగా ఉన్నాడు. "ఇంజను గదిలో ఆ టమాటా మొక్కలు చూశావా అక్కా?"

"చూడకేం? అంతరిక్షంలో టమాటాలేమిట్రా, విడ్డూరం కాకపోతే?"

"ఏదో పాపం, వాటితో మాట్లాడుకుంటున్నాడు. వేరే ఎవరున్నారు వాడికి?"

"మాట్లాడుకోనీ. ఓడలో అందరి తాగునీళ్ళూ తెచ్చి పోస్తున్నాడు, అది తప్పు కాదూ?" అనేసింది ఆమె. న్యాయం విషయంలో ఆమె నోరు ఊరుకోదు. దాంతో ఆ పై వారానికి ఇంజనీరు మీద నేరం మోపక తప్పలేదు. ఆ పై వారం విచారణ పెట్టక తప్పలేదు. తమ్ముడు ఇంజనీరు తరఫున వాదించాడు, ఆమె ఓడ తరఫున. మొక్కలు పీకేయాలన్నారని ఆమె అన్న రోజున తమ్ముడి గొంతు మారిపోయింది. "పీకేశారా? నేను... ఆ చివర కాస్త కునుకు పట్టిందక్కా."

"లేదులే," అంది ఆమె కంగారుగా. "తీర్పు వాయిదా వేశారు."

ఇంతవరకూ నష్టం లేదు. కాని కింది వాటాలో ఉండే రిటైరైన బస్సు కండక్టరుగారు కూడా ఓడ చూసేవారు. ఒక ఆదివారం మెట్ల మీద ఎదురై ఆమెను పలకరించారు. విచారణలో జరిగిన అక్రమం గురించి ఆమె మెట్ల మీదే వివరంగా చెప్పింది.

"విచారణేంటమ్మా?" అన్నారు ఆయన. "టమాటాలేంటి? నేను మొదట్నించీ చివరిదాకా కదలకుండా చూశానే."

"కునుకు పట్టి ఉంటుందండీ."

"నాకా? బస్సులో నిలబడి ఉద్యోగం చేసినవాణ్ణమ్మా. నాకు కునుకు రాదు."

తమ్ముడూ చూశాడు, ఆ తమ్ముడు అబద్ధమాడడు. కనుక పొరపాటు కండక్టరుగారిదేనని ఆమె తీర్పు చెప్పింది. ఆ తీర్పు కండక్టరుగారి భార్య చెవిన పడింది. ముందు ఆయన్ను కళ్ళ డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళారు. కళ్ళు నిక్షేపంలా ఉన్నాయని తేలడంతో ఆవిడకు అసలైన భయం పట్టుకుంది.

"కళ్ళు బాగుంటే బుర్ర బాగాలేనట్టే కదండీ," అని ఆవిడ దిద్దుబాటత్త దగ్గర కన్నీళ్ళు పెట్టుకుంది. "పాత రూటులో స్టాపులన్నీ వరసగా అప్పజెప్తారు. నిన్న టీవీలో చూసింది మాత్రం లేదంటారు. పొద్దున్నే మీ పేరేంటని అడిగితే విసుక్కుంటున్నారు."

"రోజూ అడుగుతున్నారా?"

"పూటపూటకీ అడుగుతున్నా. ఒంటరిగా బయటకు పంపడం కూడా మానేశా."

కండక్టరుగారు కిటికీ దగ్గర కూర్చుని, వీధిలో పోయే బస్సుల కేసి చూస్తూ ఉండేవారు. ఆ ముఖం చూసినప్పుడల్లా దిద్దుబాటత్తకు లోపల ఎక్కడో ముల్లు గుచ్చుకునేది. ఏడుపు తన కల్పనే గదా అని ఒక అనుమానం తలెత్తేది. ఉన్నమాట చెబితే ఈయన బయటపడవచ్చు. కాని ఆదివారం ఫోనులో తమ్ముడు మళ్ళీ మూగవాడైపోతాడు. ఎంతోమంది తప్పులు నిర్దాక్షిణ్యంగా గీటు పెట్టి చూపిన మనిషి ఈ ఒక్కచోట కలం ఎత్తలేకపోయింది.

ఇంతలో మేనకోడలు రంగంలోకి దిగింది. పళ్ళ డాక్టరు. తెరిచిన నోళ్ళతో తప్ప మాట్లాడే తీరిక లేని పిల్ల. "వచ్చే శనివారం ఓడ ఆఖరి భాగమట అత్తా. పెద్ద టీవీ తెచ్చి నాన్న ఇంట్లో పెట్టించా. నువ్వూ రావాలి. ఆ ఇంజనీరు గురించి నాన్న నాతో కూడా మాట్లాడుతున్నాడు. అమ్మ ఉన్నప్పుడైనా ఇన్ని మాటలు వినలేదు."

కాదనడానికి కారణం దొరకలేదు. సంగతి విని కండక్టరుగారి భార్య కూడా బయలుదేరింది. "ఈయన్నీ తీసుకొస్తానండీ. నలుగురి మధ్యా కూర్చోబెడితే ఏది చూస్తున్నారో, ఏది చూడట్లేదో తేలిపోతుంది."

శనివారం సాయంత్రం ఆ పాత సోఫాలో అక్క ఒక కొసన, తమ్ముడు ఒక కొసన కూర్చున్నారు. మధ్య చోటులో ఎవరూ కూర్చోలేదు. కండక్టరుగారు కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. ఓడ మొదలైంది. తెర మీద ఎవరెవరో పరుగెత్తారు, ఏవేవో పేలాయి.

"ఇంజనీరేడీ?" అంది మేనకోడలు.

"ఇంజనీరు ఓడలో లేడమ్మా," అన్నారు కండక్టరుగారు శాంతంగా. "కెప్టెన్ తిరిగొచ్చిన మరుసటి వారమే ఏదో గ్రహం మీద దిగిపోయాడు. నేను మొదట్నించీ అదే చెబుతున్నా."

"ఛానెల్ మారిందేమో చూడమ్మా," అన్నాడు తమ్ముడు.

"అవును, ఇది మనది కాదు," అంది అక్క.

"కొత్త టీవీ కదా. పాతదాంట్లో ఇలా వచ్చేది కాదు."

"నాదాంట్లో కూడా ఇలా రాలేదు."

మేనకోడలు రిమోటు నొక్కి చూసింది. ఆఖరికి కేబులతనికి ఫోను చేసింది. అందరికీ ఇదే వస్తోందండీ అని అతను విసుక్కున్నాడు. అప్పుడు తెర నిండా కెప్టెన్ ముఖం వచ్చింది. ఓడ ముక్కలవుతుంటే ఆ నకలు మనిషి పకపకా నవ్వింది. సోఫాకు ఆ కొసనా ఈ కొసనా ఉన్న ఇద్దరూ ఒక్కసారే లేచి, "మంచినీళ్ళు" అంటూ వంటగదిలోకి నడిచారు.

తమ్ముడు కుళాయి తిప్పి, కడిగిన గ్లాసునే మళ్ళీ కడుగుతున్నాడు. దిద్దుబాటత్త కిటికీలోంచి బాల్కనీ వైపు చూసింది. అక్కడ వరసగా కుండీలు, వాటి నిండా టమాటా మొక్కలు. ఒరిగిపోకుండా ప్రతి కాడనూ పుల్లకు ఆనించి, పాత చేతిగడియారాల తోలు పట్టీలతో కట్టి ఉన్నాయి. బకిళ్ళు కూడా జాగ్రత్తగా పెట్టి ఉన్నాయి. ఆమె చాలాసేపు వాటినే చూసింది.

"తను వేసినవి," అన్నాడు తమ్ముడు వెనక్కి తిరగకుండా. "నీళ్ళు పోస్తుంటే బతికాయి."

"ఓడ చూడటం ఎప్పుడు మానేశావురా?"

నీళ్ళ చప్పుడు ఆగింది. "ఆవిణ్ణి అట్లా నవ్వించుకుంటూ తీసుకొచ్చారు చూడు. ఆ రోజు సగంలో కట్టేశా."

"నేనూ సగంలోనే."

"మరి నాకు చెప్పలేదేం?"

"నువ్వు దాని మీదే బతుకుతున్నావనుకున్నా."

"నేనూ నీ గురించి అదే అనుకున్నానక్కా." గ్లాసు బోర్లించి, తడిచేతులు చొక్కాకే తుడుచుకున్నాడు. "పాడు చెయ్యకుండా ఉంటే చాలంది కదా తను."

భార్య పోయాక ఆమె మాటను అతను పైకి తలచుకోవడం అదే మొదలు. ముందు గది నుంచి ఆ నవ్వు ఇంకా వినిపిస్తోంది.

"తప్పే లేని పుటరా అది," అంది దిద్దుబాటత్త. "దాన్ని ముట్టుకున్నారు." పైటకొంగుతో కళ్ళు ఒత్తుకుని, ఎప్పటి మనిషి అయింది. "పద. ఆ కండక్టరుగారికి మనవల్ల అన్యాయం జరిగింది."

టీవీ గొంతు నొక్కేసి, తెరకు అడ్డంగా నిలబడి, ఆమె అంతా చెప్పింది. ఏడుపు తనది, టమాటాలు తమ్ముడివి, విచారణ ఇద్దరిదీ. "కళ్ళు మూసుకున్నది మేము. పరీక్షలు మీకు జరిగాయి. క్షమించండి" అని కండక్టరుగారికి చేతులు జోడించింది. మేనకోడలు నోరు తెరిచి అలాగే ఉండిపోయింది.

కండక్టరుగారి భార్య భర్తను ఎగాదిగా చూసింది. "అంటే మీ కళ్ళూ బాగానే ఉన్నాయి, బుర్రా బాగానే ఉందన్నమాట," అంది. ఆ గొంతులో కాస్త ఆశాభంగం కూడా లేకపోలేదు.

కండక్టరుగారు మాత్రం తలవంచుకుని కూర్చున్నారు. నిర్దోషిగా బయటపడిన మనిషిలా లేరు. "నాకూ అది బాగాలేదమ్మా. ఎప్పుడో మానేసేవాణ్ణి," అన్నారు. "మీరు చెప్పిన ఆ ఇంజనీరు ఈ వారమైనా కనిపిస్తాడేమోనని, కళ్ళు చించుకుని చూస్తూ వచ్చా. మరి లేనేలేడంటున్నారు."

వెనక, నిశ్శబ్దమైన తెర మీద, ఓడ ఎక్కడికో చేరి ఆగిపోయింది. ఆఖరి భాగం ముగిసిందని ఎవరూ గమనించలేదు.

"పోనీ," అన్నారు కండక్టరుగారు కాసేపటికి, "ఆ విచారణ ఏమైంది? మొక్కలు పీకేస్తారా?"

దిద్దుబాటత్త తమ్ముడి వైపు చూసింది. అతను బాల్కనీ వైపు చూస్తున్నాడు.

"రేపు పొద్దున ఫోను దగ్గరకు రండి," అంది ఆమె.

ఆ ఆదివారం ఓడలో తీర్పు వెలువడింది: ఇంజనీరు నిర్దోషి, టమాటాలు కాపుకు వచ్చాయి, కెప్టెన్ తిరిగి రాలేదు.