వీరభద్రయ్యగారు నాటౌట్

1984 ఫిబ్రవరిలో బళ్లారి పౌర క్రీడాభిమాన సంఘం వారు ఒక గొప్ప విషయం కనిపెట్టారు. ఊళ్లో ఒక క్రికెట్ క్రీడాకారిణి ఉంది. పేరు రాహేలు, వయసు ఇరవై రెండు. ఎడమచేత్తో వేగంగా బంతి వేస్తుంది. ఆ ఆట పుణ్యమా అని గుంతకల్లు రైల్వేలో గుమాస్తా ఉద్యోగం కూడా సంపాదించింది. భారత మహిళా జట్టుకు ఎంపికయిందని పత్రికలో పడేదాకా సంఘానికి ఈ సంగతి తెలియదు. మైదానంలో ఆడనివ్వమని ఆమె ఎనిమిదేళ్లుగా అర్జీలు పెడుతోంది గనక, చేతిరాత మాత్రం పరిచయమే.

సంఘానికి అధ్యక్షులు బట్టల వ్యాపారి వీరభద్రయ్యగారు. మైదానం గేటు తాళంచెవి ఆయన దగ్గరే ఉంటుంది. గేటు మీద 'క్రీడలకు మాత్రమే' అని బోర్డు. ఆ నియమానికి లోబడి లోపల స్టీలు సామాన్ల ప్రదర్శనలూ పెళ్లివిందులూ సక్రమంగా జరుగుతుంటాయి. ఆడపిల్లలు పరుగెత్తితే పచ్చిక పాడవుతుందని సంఘం తీర్మానించింది. పచ్చిక మొలిచాక ఈ విషయం మళ్లీ ఆలోచిస్తామని కూడా రాసుకున్నారు.

ఎంపికయ్యాక సన్మానం తప్పదు గదా. ఆహ్వానపత్రిక అచ్చువేసిన ప్రెస్సులో అక్షరాలు పేర్చేవాడు రాహేలు తండ్రి సాలొమోనే. అధ్యక్షులవారి బిరుదులకే పెద్దక్షరాలు అయిపోవడంతో, కూతురి పేరును పాపం చిన్నక్షరాల్లో పేర్చుకున్నాడు.

సభలో వీరభద్రయ్యగారు గంటసేపు స్త్రీశక్తిని పొగిడారు. ఊపులో ఒక మాట జారారు. "రేపు ఆదివారం ఊరి పెద్దలకూ ఆడపిల్లలకూ మ్యాచి పెడతాండాము. ఈ బిడ్డ నన్ను ఔటు చేస్తే, వారానికి మూడు పొద్దులు మైదానం ఆడపిల్లలకే!"

చప్పట్లు మోగాయి. రాహేలు మాత్రం చప్పట్లు కొట్టలేదు. మైకు దగ్గరికి వచ్చి, "మాట మీద ఉంటారు గదా సార్?" అంది.

"ఏంది పాపా, నా మాటకే హామీనా?" అని ఆయన నవ్వారు. మేమూ నవ్వాం.

ఆదివారం మూడు గంటలకు ఆట మొదలయింది. అంపైరు శివరామకృష్ణయ్యగారు. నిష్పక్షపాతానికి పేరుమోసినవారు, పైగా అధ్యక్షులవారి బావమరిది.

మొదటి బంతికే మధ్య స్టంపు ఎగిరిపడింది. "బావ ఇంకా పంచె సర్దుకుంటా ఉండాడు. లెక్కలోకి రాదు," అన్నారు అంపైరు.

రెండో బంతి బ్యాటు అంచుకు తగిలి లేచింది. ఊళ్లో కూలికి పోయే దురుగమ్మ కూతురు పాపి, పదమూడేళ్ల పిల్ల, ముందుకు దూకి పట్టింది. "ఓణీ అడ్డం పెట్టి పట్టినావు. చెల్లదు," అన్నారు.

మూడోది వికెట్ల ముందు నేరుగా కాలికి తగిలింది. రాహేలు అప్పీలు చేసింది. శివరామకృష్ణయ్యగారు నొచ్చుకున్నారు. "పెద్దవాళ్ల కాళ్లకు మొక్కాల గానీ, అప్పీలు చేస్తారామ్మా?"

నాలుగో బంతికి స్టంపు రెండు ముక్కలయింది. అంపైరుగారు కాసేపు ముక్కల వంక, తర్వాత ఆకాశం వంక చూశారు. మూడుంబావుకు వెలుతురు చాలడం లేదని ఆట ఆపేశారు.

"సార్, స్టంపు విరిగిపోయినాది గదా! ఇది గూడా ఔటు కాదా?" రాహేలు విరిగిన ముక్క ఎత్తి చూపించింది.

"ఆ స్టంపు సంఘానిది పాపా. విరగ్గొట్టినా నిన్ను ఒక్క మాటన్నామా? అదీ మా పెద్దమనసు," అన్నారు వీరభద్రయ్యగారు.

ప్రేక్షకులం రెండువందల మందిమి ఉన్నాం. నాలుగు బంతులూ కళ్లారా చూశాం. ఒక్కరమూ నోరు విప్పలేదు. అందరికీ ఆయన కొట్లోనే ఖాతాలున్నాయి.

సాలొమోను కూతురి పక్కన నిలబడి మెల్లగా, "పోనీలేమ్మా. నీకు జట్టు ఉండాది, ఉద్యోగం ఉండాది. వీళ్లతో యాల?" అన్నాడు.

"నాకుండాది నాయినా. పాపికి యాడుండాది?" అంది రాహేలు.

దేశం తరఫున ఆడివచ్చాక, ప్రతి ఆదివారం గుంతకల్లు నుంచి రైల్లో వచ్చి, పాపినీ ఇంకో ఏడుగురినీ వెంటబెట్టుకుని, మా జిల్లాలోనే ఉన్న ఎమ్మిగనూరు బస్సెక్కేది. అక్కడ గాళెప్ప అనే రైతు చెరకు కొట్టేసిన మడి ఇచ్చాడు. తారుపీపాలో మట్టి నింపి దొర్లించి, పిల్లలే నేల చదును చేశారు. మడిలో మళ్లీ చెరకు నాటితే, ఆయన ఇంకో మడి చూపించేవాడు. ఆయనకు క్రికెట్ తెలియదు. క్రీడాభిమానం అసలే లేదు.

మూడేళ్లకు పాపి రాష్ట్ర జట్టుకు ఎంపికయింది. సంఘం తక్షణమే సన్మానం ఏర్పాటు చేసింది. వీరభద్రయ్యగారు గద్గద స్వరంతో ఇలా సెలవిచ్చారు: "ఆ పొద్దు మేము మైదానం ఇచ్చి ఉంటే, ఈ బిడ్డలు సుఖం మరిగి చెడిపోయేటోళ్లు. ఇవ్వలేదు గనకే కష్టపడి పైకొచ్చినారు. ఈ ఘనత ముమ్మాటికీ సంఘానిదే!"

రాహేలు లేచి పాపి చెయ్యి పట్టుకుంది. "పదమ్మే, బస్సు పోతాది," అంది. ఇద్దరూ ఫోటోకు ఆగకుండా వెళ్లిపోయారు. సన్మానితురాలు లేని లోటు ఏమాత్రం కనిపించకుండా పెద్దలందరూ దగ్గర దగ్గరగా జరిగి ఫోటో తీయించుకున్నారు. ముందు వరసలో నేనూ ఉన్నాను.

ఇంటికి వచ్చి ఆ ఉత్సాహంలో అంతా చెప్పాను. మా రెండో అమ్మాయి కళ్లింత చేసుకుని విని, నాకూ బ్యాటు కొనివ్వు నాన్నా అంది. ముందు పరీక్షలు కానీయమ్మా అన్నాను.

పరీక్షలయిపోయి అప్పటికి పది రోజులు.