కుటుంబ సమేత వీసా

సింగపూర్ వెళ్లే ముగ్గురిలో ఇద్దరికి వీసాయే లేదన్న సంగతి, ముగ్గురి మెడల్లోనూ పూలదండలు పడిపోయాక బయటపడింది.

కనిపెట్టింది సౌభాగ్య. నేరపరిశోధన ఆమె ఉద్దేశం కానే కాదు. బిలాస్‌పూర్ రైల్వే కాలనీ తెలుగు సంఘం హాల్లో ఆ ముగ్గురి వీడ్కోలు సభలో అధ్యక్షులు జానకిరామ్ గారి ఉపన్యాసం నడుస్తుండగా, వీసా మీద తన ఫొటో ఎలా పడిందో చూసుకుందామని భర్త చంద్రమౌళి గారి సంచిలోంచి ఆ కాగితం తీసింది. అందులో చంద్రమౌళి గారు ఉన్నారు. తిప్పి చూసింది. వెనక ఎవరూ లేరు. తన కోసం, అత్తగారు బుజ్జమ్మ కోసం సంచి అడుగు దాకా వెతికితే జీడిపప్పు పొట్లం దొరికింది.

చంద్రమౌళి గారు రిటైరైన చీఫ్ టికెట్ ఇన్‌స్పెక్టర్. టికెట్టు లేనివాడిని నడక చూసి పట్టేసేవారని ఇప్పటికీ చెప్పుకుంటారు. రైల్వేలో పాసు అనే దివ్యమైన ఏర్పాటు ఒకటి ఉంది. ఉద్యోగికి ఒక పాసు పుడితే చాలు, దాని మీద ఇంటిల్లిపాదీ దేశమంతా తిరిగేయవచ్చు. ఆ సంప్రదాయాన్ని ఆయన సముద్రాల అవతలికి విస్తరించారు. పాస్‌పోర్టులు ముగ్గురికీ, విమానం టికెట్లు ముగ్గురికీ, వీసా మాత్రం ఇంటి పెద్దకి.

సౌభాగ్య ఇంతవరకూ పట్టాలున్న చోటికే వెళ్లింది. పట్టాల్లేని చోటికి ఒక్కసారి వెళ్లాలని ఆమె కోరిక. అందుకోసం కొత్త బూట్లు కొనుక్కుని, చీర కుచ్చెళ్లు పైకి దోపుకుని, ఇంటి వరండాలో నడక సాధన కూడా చేసింది. రేపు సాయంత్రమే హౌరా బండి. కలకత్తాలో విమానం ఎక్కాలి.

"ఏవండీ, ఇందులో మీరొక్కరే ఉన్నారేటి?" అంది.

ఉపన్యాసం ఆగింది. బ్యాంకులో పనిచేసే సౌభాగ్య మేనకోడలు స్పందన ముందు వరసలోంచి లేచి కాగితం చూసింది.

"మావయ్యా, వీసా మనిషికొకటి. చంటిపిల్లకైనా వేరే ఉండాలి. అత్తనీ మామ్మనీ కలకత్తాలో విమానమే ఎక్కనివ్వరు."

"అచ్ఛా, అయితే నన్ను మూట కట్టీసి సామాన్లలో ఏసీయండి," అంది బుజ్జమ్మ. "బరువు నాను పెద్దగా లేను."

పరిస్థితి తీవ్రత దృష్ట్యా జానకిరామ్ గారు అక్కడికక్కడే నిజనిర్ధారణ కమిటీ వేశారు. వేదిక మీద కుర్చీ దొరికిన వారందరూ సభ్యులు. రిటైర్డ్ గార్డు అప్పలకొండ గారు తన అనుభవసారాన్ని సభ ముందుంచారు.

"ముందు ఎక్కీసినాక చూసుకుందుం. లోపల ఎవడో ఒకడు మన డివిజనోడు ఉంటాడు. అడ్జస్ట్ చేసీస్తాడు."

బోద్రీలోని హైకోర్టుకు రోజూ వెళ్లే వకీలు తిరుమలరావు గారు, భార్య భర్తలో సగమని ఒక అఫిడవిట్ రాసి నోటరీ చేయిస్తే సరిపోతుందన్నారు. తల్లి ఎందులో ఎంత భాగమో పాత తీర్పులు చూసి చెబుతానన్నారు.

కమిటీ మొదట ట్రావెల్ ఏజెంటును అనుమానించింది, తరువాత అతని కంప్యూటర్‌ను. చివరికి వేలు సింగపూర్ వైపు తిరిగింది. ఆ దేశం కుటుంబ వ్యవస్థను గౌరవించడం లేదని ఏకగ్రీవంగా విచారం వ్యక్తమైంది. తీర్మానం ఎవరికి పంపాలో తెలియక నోటీసు బోర్డుకు అంటించారు.

ఆపైన సిఫారసు. దండలు వేసేశారు, సమోసాలు తినేశారు, కనుక ప్రయాణం మానుకోవడం సంఘ గౌరవానికి భంగం. చంద్రమౌళి గారు ఒక్కరే వెళ్లి, ముగ్గురి వంతూ చూసి రావాలి. చప్పట్లు మోగాయి. ఎవరో మర్యాదగా ఆడవాళ్ల మెడల్లోని దండలు వెనక్కి తీసుకున్నారు.

చంద్రమౌళి గారు వినయంగా తల వంచి, కమిటీ మాట కాదనలేనన్నారు.

సౌభాగ్య లేచింది. వీసా కాగితం మడిచి తన పర్సులో పెట్టుకుంది.

"స్పందనా, టికెట్లు వాయిదా వేయించమ్మా. పోయిన డబ్బు పోనీ. రేపు నువ్వు పక్కన కూకో, మా ఇద్దరి దరఖాస్తులూ నానే నింపుతాను. ముగ్గురికీ వచ్చినాకే బండెక్కుదుం."

"సరే అత్తా. మావయ్యని ఏమనకు, పాపం. రూల్సు చదివి ఉండరు."

ఆ మాటతో చంద్రమౌళి గారి ముఖం మారింది. ఏజెంటును అన్నప్పుడు, సింగపూర్‌ను అన్నప్పుడు నోరు విప్పని మనిషి కుర్చీ వెనక్కి తోసి లేచారు.

"చదవలేదేటి? ఎవులమ్మా ఆ మాటన్నది? అక్షరం వదలకుండా చదివినాను. మనిషికొక వీసా అని మొదట్లోనే రాసి ఉంది. 'సార్, మేడం వాళ్ళవి?' అని ఏజెంటు అడిగినాడు కూడా. ఫ్యామిలీ నాతోటే అన్నాను. మళ్ళీ అడిగితే, రూల్సు నాకే నేర్పుతావేటి అని కసిరినాను. సర్వీసంతా నాను రూలు చదివింది ఎదుటోడిని పట్టుకోడానికి. ఈ రూలూ పబ్లిక్‌కే, నాకు కాదనుకున్నాను. రూలు తనకీ అనుకుని చదివినోడు ఈ హాల్లో ఒక్కడుంటే చెయ్యెత్తమనండి. ఆ తరవాత నన్ను దోషి అనండి."