మినీ భవనానికి ఎర్రరంగు

ప్రభుత్వం ‘మినీ’ అని పేరుపెట్టి ఇచ్చిన ప్రతిదీ పెద్దదాని పిల్లేననీ, కాలక్రమంలో అదే ఎదిగి పెద్దదవుతుందనీ నెల్లూరు తీరమంతటా స్థిరమైన నమ్మకం. మైపాడు దాపునున్న గుల్లపాళెంలో పేరమ్మ కూడా, కట్టిన నాటినుంచీ తమ ఊరి మినీ తుఫాను రక్షణ భవనాన్ని ఆ నమ్మకంతోనే గమనిస్తూ వస్తున్నది. (ఎదుగుదల కాస్త నిదానమని మాత్రం ఆమెకు అనుమానం.)

చిక్కంతా అత్త ఆదిశేషమ్మతో వచ్చింది. తుంటి విరిగిన ఆ ముసలమ్మ పడుకొని తప్ప ఉండలేదు. నిబంధనల ప్రకారం మినీ భవనంలో నిలబడవచ్చును; కూర్చొనుట మధ్యస్థాయి భవనాలకు, పడుకొనుట పూర్తిస్థాయి భవనాలకు చెందిన సౌకర్యములు. బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడిందని తెలియగానే పేరమ్మ బస్సెక్కి నెల్లూరులోని లఘుపరిమాణాల శాఖకు వెళ్లింది. (అల్పపీడనం ఆ శాఖ పరిధిలోకి వస్తుందా లేదా అన్నది ఇంకా తేలలేదు.)

“మా బిల్డింగు పెద్దది ఎప్పుడవద్ది సారూ?”

ఉపసంచాలకులు నరేంద్రబాబు కళ్లద్దాలు సవరించుకున్నారు. “అసలు మినీ అంటే చిన్నదని మీకెవరు చెప్పారమ్మా?”

“ఎవురూ చెప్పబన్లేదు సారూ. లోపలికి పోతే తెలస్తానే ఉండాది.”

ఆయన జాలిపడి, పదమూల నిర్ధారణ సంఘం నివేదికను చదివి వినిపించారు. మినీ అన్నది మినియేచర్‌కు కురచ రూపం. దాని మూలం మినియం అనే లాటిన్ మాట. అంటే ఎర్రసీసపు రంగు. పూర్వం ఐరోపాలో చేతిరాత గ్రంథాలను ఆ రంగుతో అలంకరించేవారు. ఆ పుటల్లో గీసిన బొమ్మలు చిన్నవి కావడంతో చిన్నతనం ఆ మాటకు తర్వాతెప్పుడో అంటుకున్నది. కనుక భవనం చిన్నదన్న ఫిర్యాదు నిరాధారం. ఎర్రగా లేకపోవడమే అందులోని అసలు లోపం.

“రంగేస్తే మా అత్త కాళ్లు చాపుకునేదానికి చోటొస్తాదా సారూ?”

“అది వైశాల్యానికి సంబంధించిన ప్రశ్న. మీరు వచ్చింది మినీ గురించి.”

తుఫానుకంటే రంగే ముందు గుల్లపాళెం చేరింది. లోపలా బయటా రెండేసి పూతలు వేసి, తడి ఆరేదాకా ఎవరూ తాకరాదని బోర్డు పెట్టి, తలుపుకు తాళం వేశారు. గాలి ముదరడంతో ఊరంతా మైపాడు బడికి నడిచింది. అక్కడా నిలబడే చోటే మిగలడంతో, పేరమ్మ అత్తను మంచంతో సహా ట్రక్కు ఆటోలో వేసుకొని నేరుగా ఉపసంచాలకుల గదికి వచ్చింది.

“ఏందమ్మా ఇది? ఇది ఆఫీసు!” అన్నారాయన.

“పూర్తిస్థాయిదే గదా సారూ, ఆ కుర్చీ అట్టా జరపండి.”

“ఆ ఫ్యాను కూడా ఆపు నాయనా, చలేస్తా ఉండాది,” అన్నది ఆదిశేషమ్మ కాళ్లు చాపుకుంటూ.

మంచం వేశాక ఆ గదిలో నిలబడే వీలు మాత్రమే మిగిలింది. తుఫాను తీరం దాటేవరకూ ఉపసంచాలకులు ఆ సౌకర్యాన్నే వినియోగించుకున్నారు.

గాలి తగ్గిన తర్వాత గుల్లపాళెం భవనాన్ని టేపుతో కొలిచారు. కట్టిన నాటికంటే అది, రెండు పూతల రంగు మందం మేరకు, లోపల ఇరుకైంది.