గురి తప్పని తుపాకీ

మూడేళ్లుగా జింకలు తప్పించుకుపోవడానికి కారణం డెల్బర్ట్ టల్లస్ కాదని, అతని తుపాకీయేనని రుజువైంది. విచారణ జరిపినది డెల్బర్టే కాబట్టి తీర్పులో పొరపాటుకు తావు లేదు.

మిసిసిపీ అడవుల్లోని ఆ వేట క్యాంపు నియమాలు కఠినమైనవి. గురి తప్పినవాడి చొక్కా వెనక అంచు అందరి ముందూ కత్తిరించి, పేరు రాసి, వంటగది గోడకు మేకుతో కొడతారు. ఆ గోడ మీద ఇప్పటికే డెల్బర్ట్ గళ్ల చొక్కాల ముక్కలు మూడున్నాయి. నాలుగోది చేరితే, వాగు పక్కన అతని తండ్రి కట్టిన మంచె బామ్మర్ది రాయిస్ పరమవుతుంది. ఆ మంచె అంటే డెల్బర్ట్‌కు ప్రాణం.

అందుచేత గురి తప్పనిదీ, పెట్టిన డబ్బుకు న్యాయం చేసేదీ అయిన తుపాకీ కోసం ఏడాది పొడవునా అన్వేషణ సాగింది. సలహాలకు కొదవ లేదు. ఎవరికి వారు తమ తుపాకీయే లోకంలో ఉత్తమమని నిష్పక్షపాతంగా చెప్పారు. క్యాంపు అధ్యక్షుడు హోయ్ట్ బాబాయి తుపాకీ అయితే మహా నికార్సయినది. జింక కాస్త ఎడమకు జరిగి నిలబడితే చాలునట.

చివరికి, చెక్క బదులు ప్లాస్టిక్ బిగించిన ఒక చౌక తుపాకీ దొరికింది. చూడ్డానికి ఏమీ బాగోదు గానీ, వంద గజాల దూరాన కాగితం మీద పేలిస్తే గుళ్లన్నీ ఒకే చిల్లులో దూరాయి. అక్కడితో ఆగవలసింది. మిగిలిన డబ్బు ఊరుకోనిస్తుందా? తుపాకీ కన్నా ఖరీదైన దుర్భిణి దాని నెత్తికెక్కింది. చిల్లు పడ్డ కాగితానికి పటం కట్టించి చర్చిలో కూడా చూపించాడు.

"కాగితాన్ని కూర వండుకోలేం కదయ్యా" అని మాత్రం అంది అతని భార్య వెర్నెల్.

వేట మొదలైన పొద్దునే పెద్ద కొమ్ముల జింక ఒకటి సరాసరి మంచె కిందికి వచ్చింది. దుర్భిణి పూర్తి శక్తితో పనిచేస్తోంది. అందులో డెల్బర్ట్‌కు జింక కనబడలేదు, గోధుమరంగు వెంట్రుకలు కనబడ్డాయి. అవి మెడవో తొడవో తేల్చుకునేలోగా జింక మేత ముగించుకుని వెళ్లిపోయింది. డెల్బర్ట్ నీరుగారిపోయాడు. కాసేపటికి తేరుకున్నాడు. పేల్చలేదు కనక గురి తప్పలేదు. మర్నాడూ పేల్చలేదు. ఇక ఆ ఏడాది పేల్చనే లేదు.

రాయిస్ తెలివితక్కువగా పేలుస్తూ పోయాడు. రెండు జింకలను కొట్టి, మూడోదానికి గురి తప్పాడు.

ఆఖరి రోజు విందులో హోయ్ట్ బాబాయి లేచి గొంతు సవరించుకున్నాడు. "మన డెల్బర్ట్ తుపాకీ ఈ ఏడు ఒక్కసారి కూడా గురి తప్పలేదు. అంత చౌకలో అంత నమ్మకమైన తుపాకీ నేనెరగను. మంచె అతనిదే. తప్పినోడికి దాని మీద హక్కేంటి?"

"బావా, నువ్వసలు పేల్చావా?" అన్నాడు రాయిస్.

"నీలా తొందరపడే అలవాటు లేదురా నాకు."

అలాంటి తుపాకీయే తమకూ కావాలని చాలామంది అక్కడికక్కడే నిశ్చయించుకున్నారు. రాయిస్ చొక్కా కత్తిరించే గౌరవం డెల్బర్ట్‌కే దక్కింది. తింటున్న గిన్నె పక్కన పెట్టి, మూతి తుడుచుకుని, కత్తెర అందుకున్నాడు. గిన్నెలో ఉన్నది రాయిస్ కొట్టిన జింక కూర. అందరి గిన్నెల్లోనూ అదే. గుడ్డ తెగగానే చప్పట్లు మోగాయి. మనం అక్కడ లేకపోయాం గానీ, ఉంటే మన చేతులు మాత్రం ఊరుకునేవా?