ఫుల్లా ముద్ద ముట్టలేదు

శుక్రవారం నమాజుకు ముందే ఫుల్లాకు ఎలుకను తినిపించాలి. సాయంత్రం మక్కా నుంచి దిగే కాబోయే మామగారికి అప్పజెప్పాలి. ఆ ఊపులోనే నెర్మిన్‌తో పెళ్లి తేదీ అడిగేయాలి. పొద్దున లేస్తూనే బాసెం వేసుకున్న పథకం ఇది. ఫుల్లా వజ్దీగారి ముద్దుల కొండచిలువ పిల్ల. "బెత్తెడన్నా ఎదగాలి. తిన్నాక రెండు రోజులు కదపకు. దీన్ని సాకగలిగితే మా అమ్మాయి సంగతి మాట్లాడుకుందాం," అంటూ యాత్రకు వెళ్తూ గాజుపెట్టె చేతిలో పెట్టాడాయన.

మొదట్లో శుభ్రంగా తిన్న ఫుల్లా ఈ వారం ముట్టడం మానేసింది. కళ్లు మసకబారి, రంగు వెలిసి, పెట్టెలోని చెక్క కింద దూరింది. పటకారుతో ఎలుకను ఆడిస్తే మొహం తిప్పుకుంది. బాసెం గదికీ బాల్కనీకీ మధ్య కాలుగాలిన పిల్లిలా తిరిగాడు.

తల్లి ఇన్‌సాఫ్‌కు మాత్రం ఇందులో వింతేమీ కనబడలేదు. అలెగ్జాండ్రియాలో పరువున్న అతిథి ఎవరైనా మొదటి మాటకే తింటారా?

"మూడుసార్లన్నా వద్దనాలి, మనం ఒట్టు పెట్టాలి. పెద్దింటి పామురా, మర్యాద తెలిసింది. బతిమాలు," అంది.

బాసెం సిగ్గు విడిచి, తలుపు వేసుకుని బతిమాలాడు. "ఫుల్లా, నా మీద ఒట్టు. ఒక్కటి తిను. నా పెళ్లి నీ నోట్లో ఉంది."

ఆ మాటలు గోడ దాటి పక్కింటి ఉమ్మ్ రామెజ్ చెవిన పడ్డాయి. లోపల ఎవరని ఆమె అడిగింది. పామంటే భవంతి ఖాళీ అవుతుందని జడిసి, వియ్యాలవారి పిల్ల, తిండి ముట్టడం లేదని చెప్పింది ఇన్‌సాఫ్. అంతే. ఓ అతిథి తమ మెట్ల మీదుగా పస్తుతో దిగిపోతే భవంతి పరువేం కాను? అన్నం కూరిన పావురాలతో ఆమె, ద్రాక్షాకు చుట్టలతో పైఅంతస్తువారు, పాయసాలతో కిందివారు వరుస కట్టారు. పళ్లేలు దించి, పిల్లను చూపమన్నారు. బాసెం తలుపుకు అడ్డం నిలబడ్డాడు. దాంతో, కన్నెపిల్లను గదిలో పెట్టి కడుపు మాడుస్తున్నాడని మెట్లంతా గుసగుసలు.

సాయంత్రం రావలసిన వజ్దీగారు సరిగ్గా అప్పుడే ఊడిపడ్డాడు. పైకి ఎక్కేలోగా ఫుల్లా ఆకలి కథంతా ఆయన చెవిన పడింది. అందరినీ తోసుకుని వచ్చి తలుపు తెరిచాడు. గాజుపెట్టెలో ఒక ఖాళీ పాము చర్మం పడి ఉంది. ఆడవాళ్లు దించిన పళ్లేలు దించినట్టే వదిలి పరుగెత్తారు. ఫుల్లా పోయింది, ఇక నెర్మిన్ దక్కదనుకున్నాడు బాసెం. ఏడుపొచ్చింది.

వజ్దీగారు చెక్క ఎత్తాడు. కింద ఫుల్లా నిగనిగలాడుతోంది. బయటికి తీసి చేత్తో బెత్తలు వేసి కొలుచుకున్నాడు. బెత్తెడు పైనే ఎదిగింది.

"కుబుసం విడిచే ముందు ఇది తినదు. తెలియనివాళ్లు నోట్లో కుక్కి చంపేస్తారు. నువ్వు ఒక్క మాటతోనైనా బలవంతపెట్టలేదు. మా అమ్మాయికి ఇలాంటి ఓపికమంతుడే కావాలి," అన్నాడు.

బాసెం ఒట్టుల సంగతి ఎత్తలేదు. ఎత్తింది ఇన్‌సాఫ్. "మీరు ఎంగిలిపడకుండా కదిలితే నా మీద ఒట్టే, అన్నయ్యగారూ." ఆయన వద్దన్నాడు. మళ్లీ వద్దన్నాడు. మూడోసారీ వద్దని కూర్చున్నాడు. పళ్లేలన్నీ ఆయన వంతుకే వచ్చాయి.

సాయంత్రానికి ఫుల్లా ఎలుకను మింగి చుట్ట చుట్టుకుంది. హాల్లో సోఫా మీద వజ్దీగారిదీ అదే పరిస్థితి. పెళ్లి తేదీ అడుగుదామని ఇన్‌సాఫ్ లేపబోతే బాసెం చెయ్యి పట్టుకుని ఆపాడు.

"రెండు రోజులు కదపకూడదమ్మా."