అయ్యగారి గదిలో ఒక్క రేణువు

ప్రతి ఇంట్లోనూ దుమ్మును పట్టే డిటెక్టివ్ ఒకడు ఉండాలి! లేకపోబట్టే ఈ నగరంలో పనిమనుషులు ఇంత సుఖంగా బతికేస్తున్నారు.

నమ్మరా? జూబ్లీహిల్స్‌లో నేను వంట చేసే ఇంటికి రండి. నిర్మాత అచ్యుతరామయ్యగారికి నెల రోజులుగా దగ్గు. డాక్టర్ "డస్ట్" అన్నారు. అయ్యగారికి వెంటనే ఇల్లు ఊడ్చే మంజులత గుర్తొచ్చింది. ఇంకెవరు గుర్తొస్తారు? పక్క ప్లాటులో బండలు పగలగొట్టే మిషన్ ఉందనుకోండి, మానెయ్యమనడానికి అది మన పనిమనిషి కాదు కదా!

"ఇంకోసారి దుమ్ము ఉందని తెలిస్తే పనిలోకి రావద్దు" అన్నారు.

"కనబడితే చెప్పుండ్రి సార్, తుడుస్త. కనబడనిది నేనెట్ల తుడ్వాలె?" అంది మంజులత. పదకొండేళ్లుగా రహమత్ నగర్ నుంచి నడిచొస్తోంది. ఆమె పని చేసేది ఈ ఒక్క ఇంట్లోనే.

కనబడనిదాన్ని చూపించడానికే కదా సైన్స్! అయ్యగారి అమ్మాయి గీతిక కాంతి మీద పరిశోధన చేస్తోంది. ల్యాబ్ నుంచి బీరువా అంత సామాను, అందులో గోరంత గాజు చిప్ తెచ్చింది. చిప్ మీద కంటికి ఆనని చిన్న ఉంగరం. ఆ ఉంగరంలో వెలుతురు గానుగెద్దులా తిరుగుతూనే ఉంటుంది. ఒక్క రేణువు వచ్చి వాలిందా, ఆ వెలుతురు నడక మారిపోతుంది. కంప్యూటర్ పట్టేస్తుంది! తర్వాత రేణువు మీద రంగురంగుల లేజర్లు వేసి, ఏ రంగుకు ఎంత వేడెక్కిందో చూసి, బొమ్మ గీసి, పుట్టుపూర్వోత్తరాలు చెప్పేస్తుంది. మా ఆయన బతికున్నన్నాళ్లూ అన్నంలో రాయి పంటికి తగిలితే గాని కనిపెట్టలేదు. లోకం ఎంత ముందుకెళ్లిందో చూశారా?

మూడు రోజులు ఆ యంత్రం అయ్యగారి గదిలో కాపురం చేసింది. మంజులత ఊపిరి బిగబట్టి ఊడ్చింది. నాలుగో రోజు అందరం టీవీ ముందు చేరాం. తెరనిండా యంత్రం గీసిన నల్లటి చుక్క.

"చీపురు పొట్టేనా?" అన్నారు అయ్యగారు ఆశగా.

"కాదు డాడీ."

"బండ దుమ్మా?"

"అది కొంచెమే. ఎక్కువ ఇదే. మీరు నెత్తిన జుట్టు పల్చబడ్డ చోట అద్దుకుంటారే, ఆ నల్ల పౌడర్."

"అయ్యో సార్, మరి మీ నెత్తి మీద చీపురు వెయ్యాల్నా?" అనేసి మంజులత పకపకా నవ్వింది.

మర్నాడు యంత్రం ల్యాబ్‌కు తిరిగి వెళ్లిపోయింది. రీడింగులన్నీ తప్పులట. మంజులతనూ రావద్దన్నారు. దుమ్ము వల్ల కాదట, నోటి దురుసు వల్లట!

ఇప్పుడు అయ్యగారికి కొత్త పనిమనిషి కావాలి. మీకు తెలిసినవాళ్లుంటే పంపండి. మంచం కిందా, అల్మారా వెనకా చీమ తలకాయంత దుమ్మున్నా కనబడాలి. అయ్యగారి నెత్తి మాత్రం కనబడకూడదు.