పోయిన వస్తువుల ఇంగ్లీషు

ఒక పిల్లకి ఇంగ్లీషు రావడం లేదంటే కారణం ఒక్కటే: ఆ పిల్ల గురించి నింపవలసిన ఫారాలు ఇంకా మిగిలి ఉన్నాయన్నమాట. ఈ సత్యాన్ని ఆ బడిలోని ఆంగ్ల ఆసరా విభాగం పెట్టిన ఏడే కనిపెట్టింది. ఇంట్లో వేరే భాష మాట్లాడే పిల్లలకి ఇంగ్లీషులో చేయూతనివ్వడానికి పుట్టిన విభాగం అది. నడవా చివర ఒక గది, అందులో ఒక సమన్వయకర్త మేడమ్, నాలుగు రంగుల్లో నాలుగు రకాల ఫారాలు, గోడ మీద నిలువునా కోసిన మనిషి తల బొమ్మ. ఏ అక్షరానికి నాలుక ఎక్కడ తగలాలో చూపించే బొమ్మ అది. (కొత్తగా చేరిన పిల్లలు దాన్ని తప్పు పలికినవాళ్లకి పడే శిక్ష అనుకునేవారు. ఆ అపోహని తొలగించడానికి తగిన ఫారం లేదు.)

ఆ గదికి ఎదురుగా, మెట్ల కింద, ఒక చెక్క బీరువా ఉండేది. పిల్లలు పారేసుకున్న వస్తువులన్నీ అందులోకి చేరేవి. దాని తాళంచెవి మెడలో వేసుకుని తిరిగేది బడి ఆయమ్మ. గంట కొట్టడం, నడవా ఊడవడం, బీరువా కాయడం ఆమె పనులు. ఒకసారి ఒకే నీళ్ల సీసా కోసం ఇద్దరు తల్లులు హెడ్మాస్టరు గదిలో జుట్టూజుట్టూ పట్టుకోబోయారు. ఆ సాయంత్రమే ఆర్డరు వచ్చింది: పోయిన ప్రతి వస్తువుకీ పేరు, రంగు, గుర్తు, పోయిన చోటు రిజిస్టర్లో రాయాలి, చెప్పింది సరిపోతేనే ఇవ్వాలి, రాయడం ఇంగ్లీషులోనే రాయాలి.

ఆయమ్మ ఇంగ్లీషు రెండు మాటలు. ఒకటి గుడ్ మార్నింగ్, రెండోది నో రన్నింగ్. ఆ రెండింటితోనే పందొమ్మిదేళ్లు నెట్టుకొచ్చింది. స్టాఫ్ రూమ్‌కి వెళ్లి "చేతిరుమాలుని ఏమంటారండీ?" అని అడిగితే, లెక్కల మాస్టారు పేపర్లోంచి తల ఎత్తకుండా "డిక్షనరీ చూసుకోవమ్మా" అన్నాడు. డిక్షనరీలో చేతిరుమాలు ఎక్కడుందో తెలియాలంటే ముందు దాన్ని ఇంగ్లీషులో ఏమంటారో తెలియాలి. ఆమె దణ్ణం పెట్టి వచ్చేసింది.

ఇలా ఉండగా ఒకరోజు విరామంలో ఒక పిల్ల వచ్చి బీరువా ముందు నిలబడింది. పదకొండేళ్ల పిల్ల. బడిలో చేరి ఏడాదిన్నరైంది. చేరిన వారంలో, మీ అమ్మ ఎక్కడ పనిచేస్తుందని టీచరు అడిగితే కిచెన్ అనబోయి చికెన్ అంది. తరగతి తరగతంతా వారం రోజుల పాటు కొక్కొరోకో అంటూ ఆమె వెనకే తిరిగింది. ఆనాటి నుంచి బళ్లో నోరు విప్పలేదు. విభాగం వారి ఫైల్లో ఆమె గురించి పచ్చ ఫారాలు పదకొండు ఉన్నాయి, అన్నిట్లోనూ ఒకటే మాట: "మౌన దశ. పురోగతి నిలకడగా ఉంది."

"ఏం పోయిందమ్మా?" అంది ఆయమ్మ.

పిల్ల బీరువాలో మూల ఉన్న పసుపు గొడుగు వైపు చూపించింది.

"గొడుగా? మరి ఇందులో రాయాలే. నాకేమో రాదు. గొడుగుని ఇంగ్లీషులో ఏమంటారో నువ్వు చెబితే రాసుకుంటా."

పిల్ల ఆమె మొహంలోకి పరీక్షగా చూసింది. ఈ ఏడాదిన్నరలో ఆ బడిలో ఒక పెద్దమనిషి 'నాకు రాదు' అనడం ఆమె వినలేదు.

"అంబ్రెల్లా" అంది, ఎవరైనా వింటారేమోనన్నట్టు.

"ఎన్ని ఎల్‌లు?"

"రెండు."

"రెండెందుకే? ఒకటి చాలదా?"

"ఏమో ఆయమ్మా, వాళ్ల ఇష్టం" అంది పిల్ల, నవ్వాపుకుంటూ.

రంగు సులువుగానే అయింది. గుర్తు దగ్గర ఇద్దరూ ఆగిపోయారు. గొడుగు పుల్ల ఒకటి వంగి ఉంది. గొడుగు పుల్లని ఇంగ్లీషులో ఏమంటారో పిల్లకీ తెలియదు. కాసేపు ఆలోచించి, "ఒక ఎముక విరిగింది అని రాద్దామా?" అంది.

"భేషుగ్గా ఉంది. రాస్తా. చదివినవాడికి అర్థం కాకపోతే వాడి ఖర్మ."

ఆ మర్నాడు పిల్ల మళ్లీ వచ్చింది. ఈసారి రబ్బరు పోయిందట. ఆ పైరోజు తన స్నేహితురాలిని తోడు తెచ్చుకుంది, ఆమెకి ఒక మేజోడు పోయింది. తర్వాత గండి పడ్డట్టే అయింది. ఆసరా గదిలో అడిగినా పలకని పిల్లలందరూ విరామం గంట కొట్టగానే మెట్ల కింద బారు తీరి, పోయినవాటి ఒడ్డూ పొడుగూ, అంచుల మీది మరకలూ, మూత మీది పంటిగాట్లూ ఇంగ్లీషులో వర్ణించసాగారు. ఆయమ్మకి అర్థమయ్యేదాకా చెప్పాలి కదా, అందుకని ఒక్కొక్కరూ నాలుగు రకాలుగా చెప్పేవారు. ఆ పదిహేను రోజుల్లో ఆ పిల్లలు పోగొట్టుకున్నన్ని వస్తువులు వాళ్ల దగ్గర ఎన్నడూ లేవు. ఆయమ్మ చెయ్యి నొప్పెట్టి, "ఇక నువ్వే రాయవే" అని రిజిస్టర్ గొడుగు పిల్లకి అప్పగించింది. (బళ్లో ఆ పిల్లకి ఆ పేరే ఖాయమైంది.)

సమన్వయకర్త మేడమ్ మంచి మనిషి. పిల్లలంటే ప్రాణం. ఒకరోజు అటుగా వెళుతూ, గొడుగు పిల్ల ఒక పెద్ద తరగతి అబ్బాయిని ఇంగ్లీషులో "అలా కాదు, సరిగ్గా చెప్పు. చిరిగింది ఏ పక్క?" అని దబాయించడం విని అక్కడికక్కడే ఆగిపోయింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. తర్వాత నిబంధన గుర్తొచ్చి ఆ నీళ్లు ఇంకిపోయాయి. నిర్ణీత గదిలో, నిర్ణీత సమయంలో, నమోదు ఫారం తెరిచి ఉండగా పలికిన మాట మాత్రమే మాట. మెట్ల కింద పలికింది శబ్దం.

"ఏదీ తల్లీ, ఇందాకటి మాట మా గదిలోకి వచ్చి ఒక్కసారి అనవూ?" అని బతిమాలి తీసుకెళ్లింది. పిల్ల గది గుమ్మంలో నిలబడి కోసిన తలకాయ వంక చూసింది, నోరు మూసుకుంది. మేడమ్ నిట్టూర్చి పన్నెండో పచ్చ ఫారం నింపింది.

ఇక్కడొక చిక్కు ఉంది. మౌన దశకి గడువు ఏడాదిన్నర. అది దాటాక పెద్దాఫీసు నుంచి పరిశీలకుడు వచ్చి పది ప్రశ్నలు వేస్తాడు. ఆరింటికి జవాబు రాకపోతే ఆ పిల్లని రెండు తరగతులు కిందికి దింపుతారు. ఈ విషయం చెప్పడానికి పిల్ల తల్లిని పిలిపించారు. హోటల్ వంటగది నుంచి సరాసరి వచ్చిందేమో, తలకి పెట్టుకున్న టోపీ కూడా తీయలేదు. మేడమ్ గదిలోంచి బయటికొచ్చి ఆమె మెట్ల మీద కూలబడింది.

"ఇంట్లో దీని నోరు మూయించలేక చస్తున్నా అక్కా. దుకాణాల్లో బేరాలన్నీ నాకు ఇదే ఆడిపెడుతుంది, అదీ ఇంగ్లీషులో. ఇక్కడేమో మూగదన్నట్టు రాశారు. ఎనిమిదేళ్ల పిల్లల పక్కన ఆ చిన్న బెంచీ మీద కూర్చోబెడతారట. మోకాళ్లు ఎక్కడ పెట్టుకుంటుంది?"

ఆయమ్మ మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది.

పరీక్ష రోజు రానే వచ్చింది. ఆయమ్మ ఆసరా గది గుమ్మం దగ్గర అరగంట సేపు ఒకే బండని ఊడ్చింది. లోపల పరిశీలకుడు, నిండైన మనిషి, ఒక బొమ్మ ఎత్తి ఇదేమిటని అడిగాడు. ఆపిల్ పండు. పిల్ల పలకలేదు. తర్వాత కుర్చీ. పలకలేదు. పిల్లి, బంతి, సూర్యుడు... పదీ అయిపోయాయి. సున్నా.

"ఎందుకే, అన్నీ తెలిసినవేగా?" అంది ఆయమ్మ, పిల్ల బయటికి రాగానే రెక్క పుచ్చుకుని.

"ఆయనకీ తెలుసు కదా ఆయమ్మా. తెలిసినాయనకి నేను చెప్పేదేంటి?" అంది పిల్ల.

పరిశీలకుడు మార్కులు వేసే ముందు మొహం కడుక్కోవడానికి కుళాయి దగ్గరికి వెళ్లాడు. అతను వెళ్లిన కాసేపటికి ఆయమ్మ అక్కడ తుడవబోతే, కుళాయి గట్టు మీద ఒక కళ్లజోడు కనిపించింది. వెంటపడి పిలిచి ఇచ్చేయవచ్చు. ఆమె ఒక్క క్షణం ఆలోచించింది. గట్టు మీద దొరికినది పోయిన వస్తువు, పోయిన వస్తువు బీరువాలోకి వెళ్లాలి, అది హెడ్మాస్టరు ఆర్డరు. బీరువాలో పెట్టి తాళం వేసింది.

పది నిమిషాలకి పరిశీలకుడు గోడలు తడుముకుంటూ వచ్చాడు. "నా కళ్లజోడు ఇక్కడుందట."

"ఉందండి. రిజిస్టర్లో ఇంగ్లీషులో రాయాలండి. నాకు రాదు, మా క్లర్కుని అడగండి" అని ఆయమ్మ పిల్లని ముందుకు నెట్టింది. ఎదురుగా చూపు ఆనని మనిషి, తనకి కావలసింది అడగడానికి వచ్చిన మనిషి. పిల్ల రిజిస్టర్ తెరిచి పెన్సిలు తీసింది. (ఇక్కడి నుంచి జరిగిందంతా ఇంగ్లీషులోనే జరిగింది.)

"రంగు?"

"నలుపు... కాదు, గోధుమరంగు అనుకుంటా."

"అనుకుంటా అని రాయడానికి గడి లేదు సార్. గుర్తు ఏమిటి?"

"గుర్తా? పదకొండేళ్లుగా అది నా మొహం మీదే ఉంది. నేనెవరో తెలుసా?"

"అందరూ ఎవరో ఒకరే సార్. గుర్తు చెప్పండి."

అతను కళ్లజోడులోంచి లోకాన్నంతా చూశాడు గానీ కళ్లజోడుని ఎప్పుడూ చూడలేదు. గాజు గుండ్రమా, పలకలా? ఏ పక్కన గీత ఉంది? పిల్ల ఓపిగ్గా ఒక ప్రశ్నని మూడు రకాలుగా అడిగింది, అర్థం కానప్పుడు నెమ్మదిగా అడిగింది, చేతులతో చూపించింది. అతని జవాబులన్నీ తప్పాయి. "కొంచెం ఆలోచించుకుని మళ్లీ రండి సార్, భయపడకండి" అని వీపు తట్టినంత పని చేసింది. రెండోసారి వచ్చినప్పుడు అతనికి గుర్తొచ్చింది: ఎడమ కాడ విరిగితే వాళ్లావిడ తెల్లదారంతో కట్టింది. ఇంగ్లీషులో కాడని ఏమంటారో అతనికి తట్టలేదు.

"కాలు అనండి సార్, చాలు" అంది పిల్ల.

కళ్లజోడు పెట్టుకున్నాక అతను చూసిన మొదటి వస్తువు రిజిస్టరు. పిల్ల చక్కటి చేతిరాతలో ఉంది: "ఒక కాలికి దారం. సొంతదారు మొదటిసారి చెప్పలేకపోయాడు. ప్రయత్నిస్తున్నాడు."

"ఈ రిజిస్టరు..." అన్నాడు.

"నెలనెలా పెద్దాఫీసుకి వెళుతుందండి" అంది ఆయమ్మ, వినయంగా.

పరిశీలకుడు చాలాసేపు తన ఫారం వంక చూశాడు. పిల్ల పద్నాలుగు ప్రశ్నలు అడిగింది. అడిగిన ప్రశ్నలకి మార్కులు వేసే గడి అందులో లేదు. చివరికి పదికి ఆరు వేసి, సంతకం పెట్టి, టీ కూడా తాగకుండా వెళ్లిపోయాడు. ఆ సాయంత్రం పిల్ల తల్లి ఆయమ్మ చేతులు పట్టుకుని వదల్లేదు. మేడమ్ కూడా ఎంతో సంతోషించి, ఈ విజయానికి కారణమైన కోసిన తల బొమ్మలు మరో ఆరు కావాలని పెద్దాఫీసుకి రాసింది.

పెద్దాఫీసు బొమ్మలు పంపింది. నెలాఖరుకి రిజిస్టర్ కూడా చదివింది. ఆ పై వారం ఆయమ్మ పేర ఒక కాగితం వచ్చింది, ఇంగ్లీషులో. ఆమె దాన్ని పట్టుకుని పిల్ల దగ్గరికెళ్లింది.

"ఏముందో చదివి చెప్పవే."

పిల్ల చదివింది. మళ్లీ చదివింది. "ఆయమ్మా, నువ్వింక మాతో ఇంగ్లీషు మాట్లాడకూడదంట. బీరువా తాళం కూడా మేడమ్‌కి ఇచ్చేయాలంట."

"ఎందుకంట?"

"నీకు ఇంగ్లీషు రాదంట."

"రాదనేగా మిమ్మల్ని అడిగింది!"

కాగితం కింద గీత మీద, పై విషయం చదివి అర్థం చేసుకున్నట్టు ఆయమ్మ స్వహస్తాలతో ఇంగ్లీషులో రాసి పంపాలని ఉంది. పిల్ల పక్కన కూర్చుని ఒక్కొక్క అక్షరమే చెప్పింది, ఆయమ్మ ఒక్కొక్క అక్షరమే రాసింది. రాసి, మెడలోంచి తాళంచెవి తీసి దాంతోపాటు పంపేసింది.

ఒక్క తప్పు కూడా లేని ఆ వాక్యం చూసి విభాగం ఎంతో ముచ్చటపడింది. ఆ ఏటి నివేదికలో, తాము ఇంగ్లీషు నేర్పినవారి జాబితాలో, ఆయమ్మ పేరునే మొదట వేసుకుంది.